సిలబస్ మార్చమన్నారు, మీటింగు పది రోజుల్లో ఉంది

ప్రశ్న: నమస్తే సార్. మాది గోదావరి జిల్లా. ఒక అటానమస్ (సిలబస్ సొంతంగా పెట్టుకునే) డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌గా చేరి మూడేళ్ళవుతోంది. ఈసారి బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ సిలబస్ తయారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కాగితాలన్నీ నన్నే తయారు చెయ్యమన్నారు మా హెచ్‌ఓడీ మేడమ్. మీటింగు పది రోజుల్లో ఉంది. కాస్ట్ అకౌంటింగ్ తీసేసి దాని స్థానంలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపర్ పెట్టాలట. ఇన్‌కమ్ ట్యాక్స్‌ని కొత్త చట్టానికి మార్చాలట. కాలేజీల నాణ్యత చూసే నాక్ వాళ్ళు చూస్తారు కాబట్టి ప్రతి పేపర్లోనూ కనీసం 20 శాతం మార్పు కనిపించాలట. ఏఐ సిలబస్ ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీది చూసి తీసుకోమన్నారు. పోయినసారి మినిట్స్ (మీటింగులో జరిగింది రాసే కాగితం) ముందే టైపు చేసి ఉంచారని, బయటి మెంబర్లు భోజనాల దగ్గర సంతకాలు పెట్టి వెళ్ళిపోయారని విన్నాను. కాస్ట్ అకౌంటింగ్ చెప్పే మా సీనియర్ సార్‌కి ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నేను జూనియర్‌ని, ఎవరినీ కాదనలేను. అసలు సిలబస్ మార్పుని ఎలా చూడాలో, ఎలా ఆమోదించాలో నాకు ఎవరూ చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

అమ్మా, టైమ్ తక్కువుంది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. మేడమ్ చెప్పిన వాటిలో ఇన్‌కమ్ ట్యాక్స్ మార్పు తప్పనిసరి, అది ఈ మీటింగులోనే పెట్టండి. ఏఐ పెట్టొచ్చు గానీ ఇప్పుడు అనుకుంటున్న రూపంలో కాదు. కాస్ట్ అకౌంటింగ్ తియ్యడం మాత్రం ఈసారికి ఆపించాలి. మీరు జూనియర్ కాబట్టి కాదనలేనని రాశారు. కాదనక్కర్లేదు. ప్రతి మార్పు పక్కనా అది ఏ పిల్లల కోసం, ఎవరు చెబుతారు, ఏ ల్యాబ్‌లో, పాతవాళ్ళ సంగతేంటి అని కాగితం మీద రాసుకుంటూ వెళ్ళండి. ఏది నిలబడుతుందో ఏది నిలబడదో మీరు వాదించకుండానే మేడమ్‌కి కూడా కనిపిస్తుంది. సిలబస్‌ని ఆమోదించడమంటే పేపర్ల పేర్ల లిస్టు మీద సంతకం పెట్టడం అనుకుంటారు చాలామంది, అక్కడే వస్తుంది గొడవంతా.

ముందు ట్యాక్స్ పేపరు తీసుకుందాం. 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత సిలబస్‌లో 1961 కొట్టేసి 2025 వేస్తే మార్పు అయిపోయిందనుకునే ప్రమాదం ఇక్కడ చాలా ఉంది. మీ మొదటి యూనిట్ తీసి చూడండి, ఆదాయం వచ్చిన ఏడాదికి ప్రీవియస్ ఇయర్, దాని మీద పన్ను లెక్కగట్టే ఏడాదికి అసెస్‌మెంట్ ఇయర్ అని ఉంటాయి. కొత్త చట్టంలో ఆ రెండింటి బదులు ట్యాక్స్ ఇయర్ ఒక్కటే. డిడక్షన్ల యూనిట్‌లో పొదుపులకి మినహాయింపు ఇచ్చే 80సీ ఉంటుంది, కొత్తదాంట్లో అది 123వ సెక్షన్. 819 సెక్షన్ల చట్టం 536కి తగ్గింది, నంబర్లన్నీ కదిలాయి. పోనీ పాతది పూర్తిగా వదిలేద్దామా అంటే అదీ కుదరదు. 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది, ఆ రిటర్నులు వేసేది ఆ తర్వాతే, వాటి మీద నోటీసులూ అప్పీళ్ళూ ఏళ్ళ తరబడి నడుస్తాయి. మీ స్టూడెంటు డిగ్రీ అయ్యాక తణుకులోనో భీమవరంలోనో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరితే మొదటి వారంలోనే రెండు చట్టాల ఫైళ్ళూ ముందుకొస్తాయి.

అందుకని మొదటి యూనిట్‌లోనే పాత చట్టం నుంచి కొత్తదానికి మారడం గురించి నాలుగైదు గంటల పాఠం పెట్టండి. తరచూ వాడే పాత సెక్షన్లకి కొత్త నంబర్లేవో చూపే పట్టిక ఒకటి అందులో చేర్చండి. లెక్కలన్నీ కొత్త చట్టం ప్రకారమే చేయించండి. పిల్లలు అలవాటు మీద 80సీ అని రాసేసి లెక్క మాత్రం సరిగ్గా చేస్తే మార్కులు ఎలా వెయ్యాలి? ఇది వాల్యుయేషన్ రోజున ఎగ్జామినర్లు తలో రకంగా తేల్చుకునే విషయం కాదు, బోర్డులోనే తేల్చి మోడల్ పేపర్ కింద ఒక సూచనగా పెట్టాలి. రిఫరెన్స్ పుస్తకాలు కూడా కొత్త చట్టం మీద వచ్చిన ఎడిషన్లే రాయండి, లైబ్రరీలో లేకపోతే ఇండెంట్ ఇప్పుడే పెట్టించండి.

ఇంకో సంగతి. సిలబస్‌లో రేట్లు, స్లాబులు అంకెలతో రాయకండి. జీఎస్టీ పేపర్లో 5, 12, 18, 28 అని నాలుగు రేట్లు అచ్చేసుకున్నవాళ్ళందరికీ 2025 సెప్టెంబర్ 22తో ఆ లైను పాతబడిపోయింది, మామూలు వస్తువులకి ప్రధానంగా 5, 18 మిగిలాయి, కొన్నిటికి 40 వచ్చింది. సంబంధిత సంవత్సరంలో అమల్లో ఉన్న రేట్ల ప్రకారం అని ఒక్క ముక్క రాస్తే ప్రతి బడ్జెట్‌కీ బోర్డు పెట్టక్కర్లేదు. పరీక్షకి ఏ తేదీ దాకా వచ్చిన సవరణలు చదవాలో కూడా రాసెయ్యండి, సీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్) పరీక్షల్లో ఇలాగే కటాఫ్ తేదీ ముందే చెబుతారు, మన డిగ్రీ పిల్లలకి కూడా ఆ స్పష్టత కావాలి.

ఇక కాస్ట్ అకౌంటింగ్. ఒక పేపరు తియ్యాలనుకున్నప్పుడు మొట్టమొదట చూడాల్సింది దాని మీద ఆధారపడి తర్వాత సెమిస్టర్లలో ఏమేం ఉన్నాయన్నది. మీ ప్రోగ్రామ్‌లో మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ ఉంటుంది కదా. మార్జినల్ కాస్టింగ్, స్టాండర్డ్ కాస్టింగ్, బ్రేక్ ఈవెన్ లెక్కలు అందులోనే వస్తాయి. ఫిక్స్‌డ్ కాస్ట్ ఏదో వేరియబుల్ కాస్ట్ ఏదో తెలియని పిల్లలకి ఆ లెక్కలు ఎలా చెబుతారు? సీఎంఏ ఇంటర్‌లోనూ, సీఏ ఇంటర్‌లోనూ కాస్టింగ్ ఉంది, మీ దగ్గర చదివి అటు వెళ్ళాలనుకునే ఒకరిద్దరు పిల్లలకి ఇది తీసేస్తే పునాదే ఉండదు. పైగా మీ చుట్టుపక్కల ఉన్నవేంటి, రైస్ మిల్లులు, ఆక్వా చెరువులు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు. బస్తా ధాన్యం ఆడితే బియ్యం ఎంత, నూక ఎంత, తవుడు ఎంత, ఖర్చు వాటి మధ్య ఎలా పంచాలి అన్నది అచ్చంగా జాయింట్ ప్రొడక్ట్ కాస్టింగ్. ఆ పేపర్లో ఇప్పుడు ఫ్యాక్టరీ ఎ, ఫ్యాక్టరీ బి అని ఊరూ పేరూ లేని లెక్కలు చేయిస్తున్నారేమో, అవి మార్చండి. స్థానిక మిల్లు లెక్కలు, చెరువు ఎకరానికి ఫీడ్ ఖర్చు లెక్కలు పెట్టండి. పేపరు తియ్యడం కంటే ఇది చాలా మంచి మార్పు. దీన్ని తయారు చెయ్యగలిగిన మనిషి ఎవరంటే, మీతో మాట్లాడటం మానేసిన ఆ సీనియర్ సారే.

ఆయన దగ్గరికి మీటింగుకి ముందే వెళ్ళండి, ఒంటరిగా వెళ్ళండి, కాగితం చేత్తో పట్టుకుని కాకుండా వెళ్ళండి. సార్, ఈ పేపర్లో ఏ యూనిట్ తీసేస్తే పిల్లలు నష్టపోతారు, ఏది పోయినా ఫర్వాలేదు అని అడగండి. చాలా ఏళ్ళు ఒకే పేపరు చెప్పినవాళ్ళకి అందులో ఏది చచ్చిపోయిందో అందరికంటే బాగా తెలుసు, కాకపోతే ఎవరూ వాళ్ళని అడగరు. ఆయన కోపం మీ మీద కాదమ్మా. పేపరు పోతే వర్క్‌లోడ్ పోతుంది, వర్క్‌లోడ్ పోతే తను మిగులు స్టాఫ్‌లోకి వెళ్తానేమో అన్న భయం ఎవరికైనా ఉంటుంది, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నవాళ్ళకి మరీ. సిలబస్ మీటింగుల్లో జరిగే వాదనల్లో సగం పైకి సబ్జెక్టు గురించే ఉంటాయి, లోపల మాత్రం పీరియడ్ల గురించి. అది తప్పేం కాదు, కడుపు సంగతి. కానీ దాన్ని దాచి సబ్జెక్టు పేరు మీద వాదిస్తే నిర్ణయం తప్పుగా వస్తుంది. అందుకే వర్క్‌లోడ్ లెక్క విడిగా, బహిరంగంగా వేసి ఎజెండాతో పాటు పెట్టండి. మీ డిపార్ట్‌మెంటులో గెస్ట్ ఫ్యాకల్టీ ఉంటే వాళ్ళ గంటలు ఏమవుతాయో కూడా అందులో రాయండి. జూన్‌లో టైమ్ టేబుల్ బోర్డు మీద చూసి తమకి ఈ ఏడాది పని లేదని తెలుసుకునే గతి ఎవరికీ రాకూడదు. ప్రిన్సిపాల్ గారికి ఆ సంగతి ముందే తెలియాలి, ఆ మనిషికి కూడా ముందే చెప్పాలి.

ఏఐ పేపరు దగ్గరికి వద్దాం. ఇంజినీరింగ్ కాలేజీ సిలబస్ తీసుకోమన్నారన్నారు. ఆ సిలబస్‌లో న్యూరల్ నెట్‌వర్కులు, ప్రాబబిలిటీ, మ్యాట్రిక్సులు ఉంటాయి. మీ క్లాసులో కూర్చునేది ఎవరు? ఇంటర్లో ఎంఈసీ చదివినవాళ్ళు కొందరుంటే, సీఈసీ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. సీఈసీ పిల్లలు లెక్కల పుస్తకం మూసింది పదో తరగతిలో. వాళ్ళకి రెండో యూనిట్‌లో గ్రేడియెంట్ డిసెంట్ అని ఒక లెక్కల పద్ధతి పెడితే ఏమవుతుందో మీకూ నాకూ తెలుసు, అయిదు ప్రశ్నలకి బట్టీ పట్టి పాసవుతారు, ఏఐ అంటే భయం మాత్రం మిగులుతుంది. ఇంకో బాధ కూడా ఉంది. నేను సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా వెళ్ళిన ఒక చోట సిలబస్ కాపీలో వేరే కాలేజీ కోర్సు కోడ్లు అలాగే ఉండిపోయాయి, ముందు సెమిస్టర్లో చదివి ఉండాల్సిన పేపర్ అని రాసినది ఆ కాలేజీలో అసలు లేనే లేదు. అక్కడ బల్ల చుట్టూ ఉన్న ఎవరూ దాన్ని చదవలేదు. చదివి ఉంటే మొదటి పేజీలోనే తెలిసిపోయేది.

కామర్స్ పిల్లలకి కావలసింది వేరు. గజిబిజిగా ఉన్న ఎక్సెల్ షీట్‌ని శుభ్రం చెయ్యడం, బిల్లులు లెడ్జర్‌తో సరిపోయాయో లేదో చూడటం, ఏఐ టూల్ ఇచ్చిన జవాబులో సెక్షన్ నంబరు నిజమైనదో కల్పించినదో పట్టుకోవడం, క్లయింటు పాన్ నంబర్లూ బ్యాంకు వివరాలూ అలాంటి టూల్స్‌లో ఎందుకు పెట్టకూడదో తెలియడం. ఇది రెండు క్రెడిట్ల స్కిల్ కోర్సుకి చక్కగా సరిపోతుంది. కోర్ పేపర్ తియ్యనక్కర్లేదు.

రెండు క్రెడిట్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి, లెక్క వేసి చూడండి. యూజీసీ లెక్క ప్రకారం ఒక క్రెడిట్ థియరీకి సెమిస్టర్లో 15 గంటలు, ఒక క్రెడిట్ ప్రాక్టికల్‌కి 30 గంటలు. ఒకటి థియరీ, ఒకటి ప్రాక్టికల్ అనుకుంటే వారానికి ఒక గంట థియరీ, రెండు గంటల ల్యాబ్. మీకు 60 మంది చొప్పున రెండు సెక్షన్లున్నాయని, ల్యాబ్‌లో పనిచేసే సిస్టమ్స్ 30 ఉన్నాయని అనుకుందాం. ఒక్కో సెక్షన్ రెండు బ్యాచ్‌లు, మొత్తం నాలుగు బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కి రెండు గంటలు, ఎనిమిది గంటల ల్యాబ్. రెండు గంటల థియరీ కలిపితే వారానికి పది గంటలు. అదే నాలుగు క్రెడిట్ల పేపరు చేసి మూడు థియరీ, ఒకటి ప్రాక్టికల్ అని పెడితే పద్నాలుగు గంటలు. ఆ ల్యాబ్‌లో ఇప్పటికే ట్యాలీ నడుస్తోంది, బీఎస్సీ వాళ్ళవీ నడుస్తుండొచ్చు. ఖాళీ ఎక్కడుంది? ఇంటర్నెట్ 30 సిస్టమ్స్‌కి ఒకేసారి తట్టుకుంటుందా? ఇవి చూడకుండా పాస్ చేస్తే ప్రాక్టికల్ కాస్తా బోర్డు మీద రాసుకునే థియరీ అయిపోతుంది, రికార్డు పుస్తకాలు మాత్రం నిండుతాయి. ల్యాబ్ అసిస్టెంటుని పక్కన కూర్చోబెట్టుకుని నిజంగా స్టార్ట్ అయ్యే సిస్టమ్స్ ఎన్నో లెక్కపెట్టండి, స్టాక్ రిజిస్టర్లో ఉన్న అంకె వెయ్యకండి.

మీటింగు సంగతి. ఎవరి అధికారం ఎంతవరకో ముందు మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సిలబస్ తయారు చేసి సిఫార్సు చేస్తుంది, అంతే. ఆమోదించేది అకడమిక్ కౌన్సిల్. కౌన్సిల్‌కి బోర్డు పంపినదాన్ని ఉన్నదున్నట్టు పాస్ చేసే అధికారం, మార్పులతో పాస్ చేసే అధికారం, కారణాలు చెప్పి వెనక్కి పంపే లేదా తిరస్కరించే అధికారం కూడా యూజీసీ అటానమస్ నిబంధనల్లో రాసి ఉంది. డిగ్రీ ఇచ్చేది మాతృ యూనివర్సిటీయే కాబట్టి వాళ్ళ ప్రతినిధులు రెండు చోట్లా ఉంటారు. కొత్త ప్రోగ్రామ్ పెట్టాలన్నా, డిగ్రీ పేరు మార్చాలన్నా దారి వేరు, అది యూనివర్సిటీ దాకా వెళ్ళాలి, డిగ్రీ పేరు యూజీసీ నోటిఫై చేసిన పేర్లలో ఉండాలి. మీరు చేస్తున్నది పేపర్ల స్థాయి మార్పు, ఇది కాలేజీలోనే తేలుతుంది. కాకపోతే రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఇచ్చిన చట్రంలో మీ మొత్తం క్రెడిట్లు సరిపోతున్నాయో లేదో కూడి చూసుకోండి. ఒక పేపర్ కలిపి ఇంకోటి కుదించినప్పుడు సెమిస్టర్ మొత్తం ఒక క్రెడిట్ తగ్గిపోవడమో పెరగడమో జరుగుతుంది, ఎవరూ గమనించరు, మూడో ఏడాది చివర్లో కన్సాలిడేటెడ్ మెమో వేసేటప్పుడు బయటపడుతుంది.

బోర్డులో మీ డిపార్ట్‌మెంట్ వాళ్ళందరితో పాటు యూనివర్సిటీ పరిధి బయటి సబ్జెక్ట్ ఎక్స్‌పర్టులు ఇద్దరు, వీసీ నామినీ ఒకరు, ఇండస్ట్రీ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. వీళ్ళందరికీ కాగితాలు కనీసం వారం ముందు మెయిల్‌లో వెళ్ళాలి, అంటే మీకు నిజంగా ఉన్నది పది రోజులు కాదు, మూడు రోజులు. అందుకే మొత్తం ప్రోగ్రామ్ అంతా తిరగరాయడానికి పూనుకోవద్దంటున్నాను. ఒక్కో పేపర్‌కి ఒక్క పేజీ చాలు, ఎడమ వైపు పాతది, కుడి వైపు కొత్తది, కింద ఎందుకు మార్చామో నాలుగు లైన్లు. మారని యూనిట్లకి మారలేదు అని రాయండి. మెంబర్లకి రెండు మూడు ప్రశ్నలు కూడా పంపండి, మొత్తం సిలబస్‌పై మీ అభిప్రాయం చెప్పండి అంటే బాగుంది అని జవాబొస్తుంది, మూడో యూనిట్ 12 గంటల్లో అవుతుందా అని అడిగితే చదివి చెబుతారు.

ఇండస్ట్రీ మెంబరు దగ్గర కాలేజీలు ఎప్పుడూ పెద్ద పేరున్న కంపెనీ కోసం చూస్తాయి, ఆయన ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాలు కనబడి గుడ్ అని వెళ్ళిపోతాడు. మీ ఊరి ఆడిటర్ గారు, లేదా రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ చూసే ఆవిడ చాలా ఎక్కువ ఉపయోగం. మా పిల్లలు మీ దగ్గర చేరిన మొదటి నెలలో ఏం రాక ఇబ్బంది పడుతున్నారు అని ఒక్క ప్రశ్న అడగండి, ఆ జవాబు మీ ఎజెండాకి వెన్నెముక అవుతుంది. మెంబరుగా కుదరకపోతే ఫోన్ చేసి అడిగి రాసి పెట్టండి. ఏఐ కోర్సుకి ప్రత్యేకంగా ఎవరి సలహా అయినా కావాలంటే ప్రిన్సిపాల్ అనుమతితో బయటి నిపుణుణ్ని ఛైర్‌పర్సన్ అదనంగా పిలుచుకునే వీలు కూడా ఉంది.

మినిట్స్ ముందే టైపు చెయ్యడం గురించి. వద్దమ్మా, ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. ముందు తయారు చేసుకోవలసింది ఎజెండా నోట్, తీర్మానం కాదు. తీర్మానం దగ్గర ఖాళీ వదిలి, మీటింగులో ఎవరు ఏమన్నారో మీరే చేత్తో రాసుకుని, ఆ సాయంత్రమే టైపు చేసి అందరికీ పంపండి. ఒక మెంబరు ఒప్పుకోకపోతే ఆ మాట కూడా మినిట్స్‌లో రావాలి. ముందే రాసిపెట్టిన మినిట్స్‌లో చర్చించి ఆమోదించాం అని ఉంటుంది, రెండేళ్ళ తర్వాత ఈ పేపరు ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే ఆ కాగితంలో జవాబుండదు, పేపర్లు తయారు చేసింది మీరు కాబట్టి మీ వైపే చూస్తారు.

తొందరగా పాస్ చేసేస్తే ఏమవుతుందో దేశమంతా చూసిన కేసు ఒకటి ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ నాలుగేళ్ళ డిగ్రీని 2012 డిసెంబర్‌లో అకడమిక్ కౌన్సిల్‌లో పాస్ చేయించి 2013 జులైలో క్లాసులు మొదలుపెట్టింది. సిలబస్‌లు రాయడానికి, చదవడానికి టీచర్లకి నెలలే దొరికాయి. ఎంతోమంది వ్యతిరేకించారు. 2014 జూన్‌లో యూజీసీ ఆదేశాలతో దాన్ని ఎత్తేశారు. మధ్యలో ఇరుక్కున్నది 2013లో చేరిన బ్యాచ్. ఒక ఏడాది ఒక పద్ధతిలో చదివి మిగతాది ఇంకో పద్ధతికి సర్దుకున్నారు. నాలుగేళ్ళ డిగ్రీ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, ఆ డిగ్రీ ఇప్పుడు దేశంలో మళ్ళీ నడుస్తూనే ఉంది. నాకు కనిపించేది మాత్రం ఆ పిల్లలే.

మీ దగ్గరా పిల్లలే అందరికంటే ముఖ్యం. మీ ఉత్తరంలో వాళ్ళ గురించి ఒక్క మాట కూడా లేదు. మీ తప్పేమీ కాదు, ఈ హడావిడిలో అందరికీ జరిగేదే. కొత్త సిలబస్ ఏ సంవత్సరం చేరిన బ్యాచ్ నుంచి వర్తిస్తుందో ప్రతి పేపరు మొదటి లైన్లో ఉండాలి. ఆంధ్రాలో 2020లో చేరినవాళ్ళకి మూడు సబ్జెక్టుల పద్ధతి, పది నెలల ఇంటర్న్‌షిప్, 2023లో చేరినవాళ్ళకి సింగిల్ మేజర్. పాత బ్యాచ్ సప్లీలు రాస్తుండగానే కొత్త బ్యాచ్ రెగ్యులర్ రాస్తుంది, రెండు రకాల క్వశ్చన్ పేపర్లు ఒకే వారంలో, కొన్నిసార్లు ఒకే హాల్లో. ట్యాక్స్ పేపరు పాత చట్టంలో చదివి ఫెయిలైనవాళ్ళకి పాత సిలబస్‌లో ఇంకా ఎన్ని ఛాన్సులు ఇస్తారు? ఆ తర్వాత కొత్త పేపరు రాయాలంటే వాళ్ళకి ఎవరు పాఠం చెబుతారు, ఎన్ని గంటలు? అటెండెన్స్ తగ్గి డిటెయిన్ అయినవాళ్ళు, పెళ్ళయి మధ్యలో మానేసి మళ్ళీ వచ్చే అమ్మాయిలు, వేరే కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్ళు, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో క్రెడిట్లు దాచుకుని తిరిగొచ్చేవాళ్ళు, వీళ్ళకి ఏ పాత పేపరుకి ఏ కొత్త పేపరు సమానమో ఒక పట్టిక కావాలి. ఆ పట్టిక లేకుండా ఏ మార్పునీ బోర్డుకి పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఇప్పుడు చదువుతున్న సెకండియర్ వాళ్ళకి మధ్యలో మార్పు రుద్దొద్దు. ఒక్క ట్యాక్స్ మాత్రం చట్టమే మారింది కాబట్టి, ఇంకా మొదలవ్వని సెమిస్టర్‌కి, ముందే నోటీసు ఇచ్చి మార్చవచ్చు.

20 శాతం సంగతి. ట్యాక్స్ పేపరు సగానికి పైనే మారుతుంది. కాస్ట్ అకౌంటింగ్‌లో లెక్కలూ ఒకటి రెండు యూనిట్లూ మారతాయి. ఏఐ కోర్సు కొత్తది. మిగతా పేపర్లు చూశాం, ఈ కారణాల వల్ల మార్పు అవసరం లేదు అని రాయడం కూడా బోర్డు నిర్ణయమే, అది కూడా మినిట్స్‌లోకి ఎక్కించే విషయమే. ఫైనాన్షియల్ అకౌంటింగ్‌లో జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ ప్రతి ఏడాదీ 20 శాతం మారతాయా? యూనిట్ల వరస అటూ ఇటూ చేసి శాతం చూపిస్తే ఆ సంగతి మెంబర్లకి కనబడకపోవచ్చు, కానీ పాఠం చెప్పేవాళ్ళకీ పుస్తకాలు కొన్నవాళ్ళకీ తలనొప్పి. కాలేజీలో నాణ్యత చూసే ఐక్యూఏసీ వాళ్ళకి కావలసింది ఆధారాలున్న ఫైలు. ఎవరిని అడిగాం, వాళ్ళు ఏం చెప్పారు, దాన్ని బట్టి ఏం మార్చాం, ఏం మార్చలేదు, ఈ నాలుగూ ఉన్న ఫైలు ముందు పెడితే శాతాల గురించి అడిగేవాళ్ళకి కూడా చెప్పుకోవడానికి సరుకు ఉంటుంది.

మేడమ్‌తో ఎలా మాట్లాడాలంటే, ఇది చెయ్యకూడదు అని మొదలుపెట్టకండి. మేడమ్, ట్యాక్స్ పేపరు పూర్తిగా రెడీ చేశాను, ఏఐకి గంటలు ఇలా వస్తున్నాయి, నాలుగు క్రెడిట్లు పెడితే వారానికి పద్నాలుగు గంటలు కావాలి, రెండు క్రెడిట్లయితే పదితో సరిపోతుంది, ఈ ఏడాది నుంచే మొదలుపెట్టొచ్చు, కాస్ట్ అకౌంటింగ్ తీస్తే మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌కి ఇబ్బంది వస్తోంది, ఏం చేద్దాం మేడమ్ అని అడగండి. ఆవిడకి కావలసింది ఏఐ అన్న మాట ప్రాస్పెక్టస్‌లో ఉండటం, అడ్మిషన్లు పడిపోకుండా చూసుకోవడం. ఆ ఒత్తిడి కూడా నిజమైనదే, ఆవిణ్ని తప్పు పట్టకండి. రెండు క్రెడిట్ల కోర్సుతో అది తీరుతుంది. అయినా ఒప్పుకోకపోతే ఆవిడ చెప్పిన ప్రతిపాదన ఎజెండాలో అలాగే పెట్టండి, పక్కన ల్యాబ్ లెక్క, వర్క్‌లోడ్ లెక్క, తర్వాత సెమిస్టర్ పేపర్ల వివరం జతచేసి బయటి మెంబర్లకి పంపండి. వాళ్ళు అడుగుతారు. బోర్డులో అడగకపోతే కౌన్సిల్‌లో ఎవరో ఒకరు అడుగుతారు.

రేపు ఉదయం ముందు కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఆఫీసుకి వెళ్ళి ఇన్‌కమ్ ట్యాక్స్, కాస్ట్ అకౌంటింగ్ పేపర్లలో బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళ లిస్టు బ్యాచ్‌ల వారీగా తీసుకోండి. మధ్యాహ్నం ల్యాబ్‌లో సిస్టమ్స్ లెక్కపెట్టండి. సాయంత్రం స్టాఫ్ రూమ్ ఖాళీ అయ్యాక సార్ దగ్గరికి వెళ్ళి రైస్ మిల్లు లెక్కలు ఎలా తయారు చెయ్యాలో అడగండి. ఎల్లుండి రాత్రికి మెంబర్లకి మెయిల్ వెళ్ళిపోవాలి.